గది తాళంచెవి ఎవరి చేతిలో? అమెరికా వసతిగృహాల్లో పోలీసు సోదాలు, విద్యార్థి హక్కులు

అమెరికా విశ్వవిద్యాలయ వసతిగృహంలో విద్యార్థి గది తలుపును ఎవరు, ఏ కారణం చెప్పి, ఏ కాగితం చూపి తెరవవచ్చు అన్న ప్రశ్న పైకి చిన్నదిగా కనిపిస్తుంది. దానికి సమాధానం వెతికినవారు మాత్రం పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిష్ కస్టమ్స్ అధికారుల దగ్గర మొదలుపెట్టి నేటి వలస చట్టం దాకా రావలసి వస్తుంది. న్యాయశాస్త్ర బోధనలో జీవితం గడిపిన ఒక ఆచార్యుని స్మృతిలో ఏర్పాటైన ఈ సభ ముందు ఈ అంశాన్ని ఉంచడానికి తగిన కారణం ఉంది. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602. ఆ దేశానికి విద్యార్థులను పంపుతున్న దేశాల్లో భారత్‌దే మొదటి స్థానం. ఈ సభలోని అధ్యాపకులు, న్యాయవాదులు, తల్లిదండ్రుల్లో ఆ లెక్కతో సంబంధం లేని కుటుంబాలు తక్కువే.

తెలుగునాట హాస్టల్ గది అనుభవం వేరు. వార్డెన్ వచ్చి మంచం కింద హీటర్ ఉందేమో చూస్తాడు, ట్రంకు పెట్టె తెరవమంటాడు. అది హక్కులకు సంబంధించిన విషయమన్న ఊహ కుర్రవాడికీ రాదు, వార్డెన్‌కీ రాదు. అమెరికాలోనూ చాలాకాలం అలాగే సాగింది. 1960ల చివర కోర్టులు ఆ అలవాటును ఆపి, ఒక గీత గీశాయి. గది కళాశాలది, తాళంచెవి కూడా కళాశాల దగ్గర ఉండవచ్చు. ఆ తాళంచెవిని పోలీసుకు అరువు ఇచ్చే అధికారం మాత్రం కళాశాలకు లేదు. ఆ గీత గీసిన కాలంలో చాలాచోట్ల పోలీసు బయటి మనిషి. తర్వాతి అర్ధశతాబ్దంలో అతడు కళాశాల జీతగాడయ్యాడు. వసతిగృహ సోదాల చట్టంలోని చిక్కులు చాలావరకు అక్కడే పుట్టాయి.

అమెరికా రాజ్యాంగపు నాలుగో సవరణ 1791లో అమల్లోకి వచ్చింది. మనుషులు, ఇళ్లు, కాగితాలు, వస్తువులు అహేతుకమైన సోదాలకూ జప్తులకూ గురికాకుండా ఉండే హక్కును అది గుర్తిస్తుంది. వారెంటు ఇవ్వాలంటే ప్రమాణపూర్వకంగా చెప్పిన తగిన ఆధారం ఉండాలనీ, ఏ చోటును సోదా చేయాలో, ఏ వస్తువును పట్టుకోవాలో అందులో విడమరచి రాయాలనీ నిర్దేశిస్తుంది. ఈ పట్టుదల వెనక చేదు అనుభవం ఉంది. వలస పాలనలో కస్టమ్స్ అధికారుల చేతిలో ఉండే సాధారణ ఆజ్ఞాపత్రాలతో దొంగ సరుకు పేరు చెప్పి ఏ ఇంట్లోకైనా, ఏ గోదాములోకైనా చొరబడవచ్చు. 1761లో బోస్టన్‌లో జేమ్స్ ఓటిస్ వాటికి వ్యతిరేకంగా కోర్టులో వాదించి ఓడిపోయాడు గానీ ఆ వాదన విన్నవారు దాన్ని మరచిపోలేదు. ఇంగ్లండులో 1763లో జాన్ విల్క్స్ ఇంటిపై జరిగిన సోదా, 1765 నాటి ఎంటిక్ కేసు కూడా అదే కోవలోవి. అధికారి అనుమానం ఒక్కటే చాలదు, తటస్థుడైన న్యాయాధికారి ముందుగా దాన్ని తూచి చూడాలి అన్నది వాటి సారం.

కళాశాల గేటు దగ్గర ఈ సూత్రం ఆగిపోవడానికి కారణం మరో పాత సిద్ధాంతం. తండ్రి తన అధికారంలో కొంత భాగాన్ని గురువుకు అప్పగించవచ్చునని బ్లాక్‌స్టోన్ తన ఇంగ్లండు చట్టాల వ్యాఖ్యానంలో రాశాడు. తల్లిదండ్రుల స్థానంలో నిలబడడం అనే అర్థమున్న లాటిన్ మాట ‘ఇన్ లోకో పేరెంటిస్’ అమెరికా కళాశాలలకు కవచంలా పనికివచ్చింది. 1913లో కెంటకీ రాష్ట్రంలో బెరియా కళాశాల తన విద్యార్థులు బయటి భోజనశాలలకు వెళ్లరాదని నియమం పెట్టింది. కళాశాల ఎదుటే హోటల్ నడుపుకుంటున్న గాట్ అనే వ్యాపారి కోర్టుకు వెళ్లాడు. విద్యార్థుల శారీరక, నైతిక క్షేమం విషయంలో కళాశాల తల్లిదండ్రులతో సమానమని, తండ్రి పెట్టగలిగిన ఏ నియమమైనా కళాశాల పెట్టవచ్చని రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. కేసు వేసింది హోటల్ యజమాని. విద్యార్థుల మాట అడిగినవారు లేరు. తండ్రి కొడుకు గదిలోకి వెళ్లడానికి వారెంటు అవసరం లేనట్టే, డీన్‌కూ అవసరం లేదన్న భావన తర్వాతి యాభై ఏళ్లు చెక్కుచెదరలేదు. అమ్మాయిల వసతిగృహాల్లో రాత్రి వేళల కట్టడి, అతిథి వస్తే తలుపు తెరిచి ఉంచాలన్న నిబంధన ఆ నీడలో పెరిగినవే.

ఆ కవచాన్ని చీల్చినవారు అలబామాలోని నల్లజాతి విద్యార్థులు. 1960లో మాంట్‌గమరీ కౌంటీ కోర్టు భవనంలో తెల్లవారికే పరిమితమైన భోజన కౌంటర్ దగ్గర అలబామా స్టేట్ కళాశాల విద్యార్థులు కూర్చుని భోజనం అడిగారు. కళాశాల కొందరిని ఏ విచారణా లేకుండా బహిష్కరించింది. 1961లో డిక్సన్ కేసులో ఐదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ చర్యను తప్పుపట్టింది. ప్రభుత్వ కళాశాల ఒక విద్యార్థిని తీసివేయాలంటే ఆరోపణ తెలియజేయాలి, చెప్పుకునే అవకాశం ఇవ్వాలి అన్నది. తండ్రికి లేని బాధ్యతను కోర్టు కళాశాల మీద పెట్టింది. 1971లో ఇరవై ఆరో సవరణతో ఓటు వయసు పద్దెనిమిదికి దిగడంతో కళాశాలలో అడుగుపెట్టేవారిలో ఎక్కువమంది చట్టం దృష్టిలో పూర్తి పౌరులయ్యారు.

తండ్రి స్థానం ఖాళీ అవుతున్న కాలంలోనే కళాశాలల్లో పోలీసు బలపడ్డాడు. దీని చరిత్ర ఇంకా వెనక్కి, 1894కు పోతుంది. యేల్ విశ్వవిద్యాలయం విద్యార్థులకూ పట్టణవాసులకూ మధ్య జరిగే ఘర్షణలు తట్టుకోలేక న్యూ హేవెన్ నగర పోలీసుల్లో ఇద్దరిని ఆవరణలో నియమించుకుంది. మిగిలిన చోట్ల దీర్ఘకాలం రాత్రి కాపలాదారులే ఉన్నారు. వాళ్ల పని తలుపులకు తాళాలు పడ్డాయో లేదో చూడడం, బాయిలర్లు కనిపెట్టడం. 1960ల చివర యుద్ధ వ్యతిరేక ఆందోళనలు, 1970 మే నెలలో కెంట్ స్టేట్‌లో నేషనల్ గార్డ్ కాల్పులు జరిగాక విశ్వవిద్యాలయాలు ఒక నిర్ణయానికి వచ్చాయి. బయటి బలగాలను పిలిచేకన్నా తమ విద్యార్థుల ధోరణి తెలిసిన సొంత పోలీసు ఉండడం మేలనుకున్నాయి. రాష్ట్ర శాసనసభలు ఒక్కొక్కటిగా వారికి అరెస్టు అధికారం, తుపాకీ ఇచ్చాయి. ఆ తర్కంలో అన్యాయం లేదు. కాకపోతే డీన్ అధికారమూ పోలీసు అధికారమూ ఒకే కార్యాలయపు చూరు కిందికి చేరాయి.

సోదాల చట్టానికి అసలు పునాది పడింది అలబామాలోని ట్రాయ్ స్టేట్ విశ్వవిద్యాలయంలో, 1968 ఫిబ్రవరి 28న. పేర్లు బయటపెట్టని కొందరు విద్యార్థుల సమాచారంతో మాదకద్రవ్యాల విభాగం అధికారులు, పోలీసులు, కళాశాల అధికారులు కలిసి వసతిగృహ గదులు సోదా చేశారు. వారెంటు లేదు. విద్యార్థుల సమ్మతి లేదు. అధికారులకు ఉన్న ఆధారమల్లా కళాశాల నియమావళిలోని ఒక నిబంధన: తనిఖీకి గదుల్లో ప్రవేశించే హక్కు కళాశాలకు ఉంటుంది, అవసరమనుకుంటే గదిని సోదా చేయవచ్చు, మూసి ఉన్న సామాను తెరిచి చూపమని విద్యార్థిని అడగవచ్చు. గంజాయి దొరికింది. ఆ ఒక్కరోజు సోదాల నుంచి రెండు కేసులు పుట్టి, రెండు వేర్వేరు దారులు పట్టాయి.

మొదటిది మూర్ కేసు. గంజాయి దొరికిన మూర్‌ను కళాశాల గడువు చెప్పకుండా సస్పెండ్ చేసింది. అతడు ఫెడరల్ జిల్లా కోర్టుకు వెళ్లాడు. అక్కడ న్యాయమూర్తి ఫ్రాంక్ జాన్సన్. మాంట్‌గమరీ బస్సుల కేసులోనూ, 1965 సెల్మా పాదయాత్రకు అనుమతి ఇచ్చిన కేసులోనూ పౌరహక్కుల పక్షాన నిలిచిన పేరు ఆయనది. మూర్ విషయంలో మాత్రం ఆయన కళాశాల పక్షం వహించారు. గది చట్టవిరుద్ధమైన పనికి గానీ క్రమశిక్షణను తీవ్రంగా భంగపరిచే పనికి గానీ వాడుతున్నారని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉంటే చాలు, కళాశాల సోదా చేయవచ్చన్నారు. పోలీసుకు కావలసిన బలమైన ఆధారంకన్నా ఇది ఒక మెట్టు తక్కువ. చదువుకు అనువైన వాతావరణం కాపాడే బాధ్యత కళాశాలకు ఉంది గనక ఆ సడలింపు అన్నది వాదన.

రెండోది పియజోలా కేసు. అదే సోదాల్లో పట్టుబడిన ఇద్దరు విద్యార్థులపై క్రిమినల్ కేసు నడిచి, చెరి ఐదేళ్ల జైలుశిక్ష పడింది. కాస్త గంజాయికి ఐదేళ్లు అన్నది ఆనాటి అలబామాలో వింత కాదు. వారి విడుదల దరఖాస్తు ఫెడరల్ కోర్టులో నెగ్గింది. 1971లో ఐదో సర్క్యూట్ కోర్టు దాన్ని ఖాయం చేసింది. వసతిగృహ గది విద్యార్థికి ఇల్లే. కళాశాల తన విద్యా లక్ష్యాల కోసం ప్రవేశించే హక్కు నిలుపుకోవచ్చు గానీ, నేరవిచారణకు సాక్ష్యం వెతకడమే ప్రధాన ఉద్దేశమైనప్పుడు ఆ హక్కును పోలీసుకు బదిలీ చేయలేదు. నియమావళిలోని నిబంధనకు అంత విస్తృతమైన అర్థం చెబితే ఆ నిబంధనే రాజ్యాంగ విరుద్ధమవుతుందని కోర్టు తేల్చింది.

ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా గదిలో లేదు, సోదాలో లేదు, దొరికిన సరుకులోనూ లేదు. అది జైలుకు దారితీస్తే చెల్లదు, సస్పెన్షన్‌కు దారితీస్తే చెల్లుతుంది. కోర్టులకు ఇది ఆచరణలో అనుకూలమైన విభజనే. విద్యార్థి వైపు నుంచి చూస్తే మాత్రం మూర్ తీర్పులో ఒక డొల్లతనం ఉంది. డీన్ వెంట పోలీసు నిలబడి ఉన్న సోదాను కళాశాల సోదా అని పిలవడం మాటల గారడీకి దగ్గరగా వస్తుంది.

పియజోలా తీర్పు శూన్యంలోంచి ఊడిపడలేదు. అద్దెకిచ్చిన ఇంట్లోకి పోలీసును పంపే అధికారం ఇంటి యజమానికి లేదని సుప్రీంకోర్టు 1961లో చాప్‌మన్ కేసులో చెప్పింది. హోటల్ గుమాస్తా అతిథి గది తెరిచి చూపడం చెల్లదని 1964లో స్టోనర్ కేసులో చెప్పింది. హాఫ్‌స్ట్రా విశ్వవిద్యాలయానికి సంబంధించిన 1968 నాటి కోహెన్ కేసులో న్యూయార్క్‌లోని ఒక జిల్లా కోర్టు ఇదే తర్కాన్ని విద్యార్థి గదికి వర్తింపజేసింది. విలనోవాకు సంబంధించిన 1970 నాటి మెక్‌క్లాస్కీ కేసు మరో అడుగు ముందుకు వేసింది. అక్కడ పోలీసుల దగ్గర వారెంటు ఉంది కూడా. అయినా తలుపు తట్టకుండా, ఎవరో చెప్పకుండా తాళం తీసి లోపలికి వెళ్లారు గనక దొరికిన సాక్ష్యాన్ని పెన్సిల్వేనియా కోర్టు తోసిపుచ్చింది.

మూర్ తీర్పులోని లొసుగును సూటిగా పట్టుకున్నది 1975 నాటి స్మిత్-లబర్స్ కేసు. మిషిగన్‌లోని గ్రాండ్ వ్యాలీ స్టేట్ కళాశాలల్లో సోదా చేసింది కళాశాల సొంత పోలీసులు. గంజాయి దొరికిన విద్యార్థులు సస్పెండయ్యారు. కళాశాల మూర్ తీర్పు చూపించింది. ఫెడరల్ జిల్లా కోర్టు ఒప్పుకోలేదు. విద్యార్థి పెద్దవాడు, గది అతని ఇల్లు, వచ్చినవాడు పోలీసు. జీతం ఎవరిచ్చినా పోలీసు పోలీసేనంది. వారెంటు లేని ఆ సోదాలో దొరికిన సాక్ష్యం క్రమశిక్షణ విచారణకు కూడా పనికిరాదని చెప్పింది. తర్కం దృష్ట్యా ఇంతకన్నా నిలకడైన తీర్పు ఈ రంగంలో లేదనవచ్చు. కానీ అది ఒక జిల్లా కోర్టు మాట. చట్టవిరుద్ధ సాక్ష్యాన్ని మినహాయించే నియమం క్రిమినల్ విచారణకే పరిమితమని, కళాశాల కమిటీలకు వర్తించదని చెప్పిన కోర్టులూ ఉన్నాయి. ఆ వైరుధ్యం ఇప్పటికీ తీరలేదు.

సుప్రీంకోర్టు ఒక వసతిగృహ గది గడప మీద నిలబడిన సందర్భం ఒకటి ఉంది. 1978 జనవరిలో పుల్‌మన్‌లోని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో క్యాంపస్ పోలీసు ఒకరు, అర గ్యాలన్ జిన్ సీసా పట్టుకుని వసతిగృహం నుంచి బయటికి వస్తున్న విద్యార్థిని చూశాడు. ఆ రాష్ట్రంలో మద్యానికి ఇరవై ఒక్క ఏళ్లు నిండాలి. గుర్తింపుకార్డు అడిగితే గదిలో ఉందన్నాడు. పోలీసు వెంట వెళ్లాడు. విద్యార్థి లోపలికి పోయాడు, పోలీసు తెరిచిన తలుపు దగ్గర ఆగాడు. లోపల గదిమిత్రుడు క్రిస్మన్ ఒక చిన్న పెట్టెను మందుల అరలో పెడుతున్నాడు, పోలీసును చూసి కంగారుపడ్డాడు. అర నిమిషమో, ముప్పావు నిమిషమో గడిచింది. ఎనిమిది పది అడుగుల దూరంలో బల్ల మీద గింజలు, చిన్న పొగగొట్టం కనిపించాయి. పోలీసు గడప దాటాడు. గింజలు గంజాయివి. ఆ తర్వాత విద్యార్థులు పెట్టె అప్పగించారు. అందులో మూడు సంచుల గంజాయి, 112 డాలర్లు ఉన్నాయి. గది మొత్తం వెతకడానికి ఒప్పుకున్నారు. ఎల్.ఎస్.డి. కూడా దొరికింది.

1982లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ఇలా సాగింది: సీసాతో దొరికినవాడు అరెస్టయిన వ్యక్తి, అరెస్టయినవాడి వెంట ఎక్కడికైనా వెళ్లే హక్కు పోలీసుకు ఉంది, హక్కుతో నిలబడ్డ చోటు నుంచి కంటికి కనిపించినదాన్ని పట్టుకోవచ్చు. ముగ్గురు న్యాయమూర్తులు విభేదించారు. కనిపించడం వేరు, దాని కోసం ఇంట్లోకి అడుగుపెట్టడం వేరు అన్నది వారి అభిప్రాయం. కథ అంతటితో ముగిసినట్టు చాలామంది రాస్తారు గానీ ముగియలేదు. కేసు రాష్ట్రానికి తిరిగి వెళ్లినప్పుడు, 1984లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు తమ రాష్ట్ర రాజ్యాంగం ఇంటికి మరింత గట్టి రక్షణ ఇస్తుందని చెప్పి అదే సాక్ష్యాన్ని తోసిపుచ్చింది. అమెరికాలో హక్కు అనేది రెండు రాజ్యాంగాల కింద ఉంటుంది. ఒక రాష్ట్రంలో చెల్లిన సోదా పక్క రాష్ట్రంలో చెల్లకపోవచ్చు. 2008లో అదే విశ్వవిద్యాలయానికి చెందిన హౌవెనర్ కేసులో వాషింగ్టన్ అప్పీలు కోర్టు వసతిగృహం అంతస్తులోని నడవలో కూడా విద్యార్థులకు గోప్యత ఉందని, చెవి ఒగ్గి వింటూ పోలీసులు అందులో తిరగడం తప్పని చెప్పడం దీనికి కొనసాగింపే.

కళాశాల అధికారి ప్రవేశానికీ పోలీసు ప్రవేశానికీ మధ్య గీతను అందరికీ అర్థమయ్యేలా చూపినది ఒక పిల్లి. 1993 నవంబరులో మసాచుసెట్స్‌లోని ఫిచ్‌బర్గ్ స్టేట్ కళాశాల వసతిగృహంలో మరమ్మతు పనివాడికి ఒక గదిలోంచి పిల్లి అరుపు వినిపించింది. పెంపుడు జంతువులు అక్కడ నిషేధం. పిల్లిని పంపించాలని, రాత్రికి మళ్లీ వచ్చి చూస్తామని అధికారులు చెప్పి, నోటీసు అంటించారు. రాత్రి వచ్చేసరికి విద్యార్థి లేడు. లోపలికి వెళ్లి పిల్లి కోసం చూస్తుంటే మూసిన అలమరలోంచి వెలుగు వస్తోంది. నిప్పు ప్రమాదమేమోనని తెరిచారు. లోపల నాలుగేసి అడుగుల ఎత్తున రెండు గంజాయి మొక్కలు, వాటికి దీపాలు, ఎరువు. అధికారులు పని ఆపి క్యాంపస్ పోలీసును పిలిచారు. పోలీసులు వచ్చి, ఫొటోలు తీసి, మొక్కలు తీసుకెళ్లారు. వారెంటు కోసం ఎవరూ ప్రయత్నించలేదు.

1996లో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం నీల్సన్ కేసుగా పేరుపడిన ఈ వ్యాజ్యంలో సాక్ష్యాన్ని పక్కన పెట్టింది. అధికారులు పిల్లి కోసం రావడంలో తప్పు లేదు, అలమర తెరవడంలోనూ తప్పు లేదు. ఆరోగ్యం, భద్రత కోసం తనిఖీకి విద్యార్థి సంతకం చేసిన వసతి ఒప్పందంలోనే అనుమతి ఉంది. పోలీసు గడప దాటిన క్షణం నుంచి లెక్క మారింది. అతడు వచ్చింది భద్రత కోసం కాదు, సాక్ష్యం కోసం. ఒప్పందం డీన్‌ను రానిస్తుంది, పోలీసును రానివ్వదు. మొక్కలు ఎక్కడికీ పారిపోవు; న్యాయాధికారి దగ్గరికి వెళ్లడానికి సమయం ఉంది.

తనిఖీలన్నీ సాకులేనని అనుకోవడం కూడా పొరపాటు. 2000 జనవరిలో న్యూజెర్సీలోని సీటన్ హాల్ విశ్వవిద్యాలయ వసతిగృహంలో నిప్పంటుకుని ముగ్గురు విద్యార్థులు మరణించారు. ఆ రాష్ట్రం వసతిగృహాలకు నీటిజల్లు యంత్రాలు తప్పనిసరి చేసింది. కొవ్వొత్తి, వేడి పలక, ఎక్స్‌టెన్షన్ తీగ కోసం గదులు చూసేవారికి ఆ మరణాలు గుర్తుంటాయి. గొంతు పోయేంత అరుపు వినిపించినప్పుడు, ఎవరో స్పృహతప్పి పడి ఉన్నారని తెలిసినప్పుడు పోలీసు వారెంటు కోసం ఆగనక్కరలేదని 2006లో బ్రిగమ్ సిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2021లో కనిగ్లియా కేసులో మాత్రం, క్షేమం కోసం అన్న సాధారణ మాటతో ఇంట్లోకి వెళ్లే విశాలమైన అధికారం పోలీసుకు లేదని స్పష్టం చేసింది.

కోర్టుల్లో గెలిచిన ఈ గీత గది గుమ్మంలో చెరిగిపోయేది ఎక్కువగా సమ్మతి దగ్గరే. వారెంటు లేని పోలీసు చేయగలిగినది తలుపు తట్టి, లోపలికి రావచ్చా అని అడగడం. నిరాకరించే హక్కు ఉందని చెప్పవలసిన బాధ్యత అతనికి లేదని సుప్రీంకోర్టు 1973లో ష్నెక్‌లాత్ కేసులో తేల్చింది. రాత్రి పదకొండింటికి తుపాకీ నడుముకు కట్టుకున్న ఇద్దరు అధికారులు, పక్కన వసతిగృహ సహాయకుడు నిలబడి అడిగినప్పుడు పద్దెనిమిదేళ్ల కుర్రవాడు తలాడిస్తాడు. ఆ తలాడింపు స్వేచ్ఛగా వచ్చిందో లేదో నిరూపించే భారం ప్రభుత్వానిదే అయినా, దాన్ని ప్రశ్నించేది కేసు కోర్టుకు చేరిన కొద్దిమందే. 2010లో బోస్టన్ కాలేజీకి సంబంధించిన కార్ కేసులో మసాచుసెట్స్ న్యాయస్థానం అలాంటి సమ్మతి స్వచ్ఛందమని రుజువు కాలేదని చెప్పింది. వారెంటు లేకుండా తట్టిన తలుపును తెరవవలసిన, మాట్లాడవలసిన విధి లోపలివారికి లేదని 2011లో కెంటకీ-కింగ్ కేసు తీర్పులోనే ఉంది. లోపల వస్తువులు నాశనం చేస్తున్న చప్పుడు వినిపిస్తే పోలీసు బలవంతంగా వెళ్లవచ్చని చెప్పినదీ అదే తీర్పు.

గదిమిత్రుల విషయం ఇంకా సున్నితమైనది. ఇద్దరిలో ఒకరు రమ్మంటే, అక్కడే ఉన్న రెండోవారు వద్దంటే పోలీసు రాకూడదు. 2006 నాటి రాండాల్ఫ్ కేసు అది. వద్దనవలసినవాడు లైబ్రరీలో ఉంటే మొదటివాడి మాట ఉమ్మడి స్థలం వరకు చెల్లుతుంది. ఒకరు మరొకరి తాళం వేసిన పెట్టె తెరవమనలేరు.

ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో లెక్క వేరు. నాలుగో సవరణ ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది, ప్రైవేటు వ్యక్తిని కాదు. 1921 నాటి బర్డో కేసు నుంచీ ఇది స్థిరమైన సూత్రం. ప్రైవేటు కళాశాల డీన్ ఒక గదిలో వెతికి దొరికినది పోలీసుకిస్తే రాజ్యాంగం అడ్డురాదు; పోలీసు ముందే పురమాయిస్తే వస్తుంది. రాష్ట్రం అరెస్టు అధికారం ఇచ్చిన ప్రైవేటు విశ్వవిద్యాలయ పోలీసు కూడా ఆ మేరకు రాజ్యమే. అలాంటి బలగానికి అనుమతిస్తూ మేరీలాండ్ శాసనసభ 2019లో జాన్స్ హాప్కిన్స్ కోసం చట్టం చేసినప్పుడు విద్యార్థులు, ఇరుగుపొరుగు వాడలవారు గట్టిగా వ్యతిరేకించింది ఈ ద్వంద్వ స్వభావం తెలిసే.

పోలీసు బలం పెరగడానికి భయమూ ఒక కారణం; ఆ భయం నిరాధారమైనది కాదు. 1986లో లీహై విశ్వవిద్యాలయంలో జీన్ క్లెరీ తన వసతిగృహ గదిలోనే హత్యకు గురైంది. మూసుకోకుండా అడ్డుపెట్టి తెరిచి ఉంచిన తలుపుల్లోంచి హంతకుడు లోపలికి వచ్చాడు. ఆమె తల్లిదండ్రుల పోరాటంతో 1990లో కళాశాలలు తమ ఆవరణల్లోని నేరాల వివరాలు ప్రకటించాలన్న చట్టం వచ్చింది. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్‌లో 32 మంది హతులయ్యారు. మొదటి ఇద్దరూ వసతిగృహంలోనే. 2,500 మంది విద్యార్థులకు పైబడిన నాలుగేళ్ల కళాశాలల్లో 2011-12 నాటికి 75 శాతం సాయుధ అధికారులను నియమించుకున్నాయని న్యాయశాఖ గణాంక విభాగం తేల్చింది. 2004-05లో అది 68 శాతం. 1992 నుంచి క్యాంపస్ పోలీసు విభాగపు దస్తావేజులు విద్యార్థి చదువు రికార్డులుగా లెక్కకు రావు గనక వాటిని బయటపెట్టడానికి విద్యార్థి రికార్డుల గోప్యతా చట్టం అడ్డురాదు.

తెలుగు విద్యార్థికి ఈ చరిత్ర తగిలేది మరో కోణంలో. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఇంట్లో కూర్చుని, విమానం ఎక్కకముందే ల్యాప్‌టాప్‌లో వసతి ఒప్పందం కిందికి జరిపి ‘అంగీకరిస్తున్నాను’ నొక్కేస్తారు. గదిలోకి ఎవరు ఎప్పుడు రావచ్చో అందులోనే ఉంటుంది. చదివేవారు అరుదు. పైగా కొన్ని రాష్ట్రాల్లో గంజాయి పెద్దలకు చట్టబద్ధం. ఫెడరల్ చట్టంలో కాదు. ఫెడరల్ నిధులు తీసుకునే విశ్వవిద్యాలయాలు 1989 నాటి చట్టం వల్ల ఆవరణలో దాన్ని నిషేధించక తప్పదు. వీధిలో దుకాణంలో అమ్మే సరుకే గదిలో నేరసామగ్రి అవుతుంది. వలస చట్టంలో మాదకద్రవ్య నేరానికి శిక్ష పడితే దేశం వదలవలసి రావచ్చు. సొంత వాడకానికి 30 గ్రాములు మించని గంజాయి ఒక్కసారి దొరికిన కేసుకే మినహాయింపు. నేరం ఒప్పుకుని రాష్ట్ర కోర్టులో శిక్ష వాయిదా వేయించుకున్నా, వలస అధికారులు దాన్ని శిక్షగానే చూసే అవకాశం ఉంది. అందుకే విదేశీయుడైన కక్షిదారుకు దేశబహిష్కరణ ప్రమాదం గురించి చెప్పడం డిఫెన్సు న్యాయవాది బాధ్యత అని 2010లో పడియా కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించింది.

మూర్ తీర్పు బరువు ఇక్కడ తెలుస్తుంది. అమెరికా పౌరుడైన విద్యార్థికి సస్పెన్షన్ అంటే ఒక సెమిస్టరు పోవడం, ఇంటికి వెళ్లి మళ్లీ రావడం. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాడికి చదువులో కొనసాగడమే ఆ దేశంలో ఉండడానికి ఆధారం. నమోదు ఆగితే హోదా పోతుంది. ఏ కోర్టూ శిక్షించకపోయినా విమానం ఎక్కవలసి వస్తుంది. తక్కువ ఆధారం చాలునని, సాక్ష్యం ఎలా వచ్చిందో చూడనక్కరలేదని కోర్టులు సడలించిన క్రమశిక్షణ దారి, సడలింపు లేని క్రిమినల్ దారికన్నా విదేశీ విద్యార్థికి బరువైనది. ఈ సంగతిని ఆ తీర్పులు ఊహించలేదు. 1968 నాటి ట్రాయ్‌లో అలాంటి విద్యార్థులు కోర్టు కంటికి ఆనలేదు.

మాస్టర్స్‌కు వెళ్లిన తెలుగువారిలో చాలామంది వసతిగృహంలో కాక బయట అపార్టుమెంటులో నలుగురైదుగురు కలిసి ఉంటారు. అక్కడ వారి రక్షణ మరింత గట్టిది. చాప్‌మన్ తీర్పు ప్రకారం ఇంటి యజమాని పోలీసును లోపలికి పంపలేడు. బలహీనత ఒక్కటే, హాల్లో పడుకున్న స్నేహితుడు తలుపు తీసి రమ్మనడం.

తలుపు తట్టేది వలస అధికారులైతే చూడవలసిన కాగితం వేరు. ఆ శాఖ అధికారులు తమంతట తాము సంతకం చేసుకునే పాలనాపరమైన వారెంటు ఒకటి ఉంది. దానిపై న్యాయమూర్తి సంతకం ఉండదు. దానితో ఇంటి లోపలికి బలవంతంగా వెళ్లే అధికారం రాదన్నదే దీర్ఘకాలంగా నిలిచిన అవగాహన. విద్యాసంస్థల దగ్గర సంయమనం పాటించాలన్న పాత విధానాన్ని 2025 జనవరిలో ప్రభుత్వం ఉపసంహరించుకుంది. ఆ మార్చి 13న కొలంబియా విశ్వవిద్యాలయంలో ఫెడరల్ అధికారులు రెండు విద్యార్థి గదులు సోదా చేశారు. న్యాయాధికారి సంతకం చేసిన వారెంట్లు చూపాకే వారు లోపలికి వెళ్లారని విశ్వవిద్యాలయం ప్రకటించింది. ఎవరినీ అరెస్టు చేయలేదు, గదుల్లోంచి ఏ వస్తువూ తీసుకుపోలేదు.